బతికున్న బిడ్డకు దండ

నేను ఒక ఫ్లెక్సీని. నాలుగు మూలలా ఇనప రింగులు, వాటికి కట్టిన తాళ్లు, మధ్యలో ఒక పసిపిల్ల నవ్వు. నన్ను మీరు ఏదో ఒక చౌరస్తాలో చూసే ఉంటారు. చూసి ఉంటారంతే, చదివి మాత్రం ఉండరు. ఆ కడుపుమంటతోనే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

పుట్టుకలో నాకూ మా వాళ్లకూ తేడా ఏమీ లేదు. జనగామలో వినయ్ అనే కుర్రాడి ప్రింటింగ్ దుకాణానికి పెద్ద తెల్లటి చుట్టగా వచ్చాం. ఒకే చుట్ట, ఒకే ప్లాస్టిక్ వాసన. నాకంటే ముందు తెగిన ముక్క ఒక ఓణీల ఫంక్షన్‌కు పోయింది. దాని ముందరిది ఎవరో నాయకుడి పుట్టినరోజుకు పోయి వారం రోజులు చౌరస్తాలో పెత్తనం చేసింది. మరొకటి ఒక ముసలాయన దశదినకర్మకు పోయింది. మనుషుల తలరాత బ్రహ్మ రాస్తాడంటారు. మా తలరాత ఆర్డరు తెచ్చినవాడు రాస్తాడు, అదీ టీ తాగుతూ, ఫోన్ మాట్లాడుతూ.

నా ఆర్డరు తెచ్చినవాడు రంజిత్, ఊళ్లో ఒక వాడ యూత్ సంఘానికి అధ్యక్షుడు. అతని వెంట వచ్చిన మనిషి సంపత్. గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో వెల్డింగ్ పని చేస్తాడు. సంపత్ కూతురు శ్రీనికకు ఐదేళ్లు. ఆ పిల్లకు రక్త క్యాన్సర్ వచ్చింది. హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రిలో మందులు ఎక్కిస్తున్నారు. ఆ మందులు జబ్బుతో పాటు ఒంట్లోని మంచినీ చంపుతాయి. ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడల్లా పిల్లకు చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. ఎవరో ఒకరు వచ్చి, రెండు గంటలు కూర్చుని తమ ఒంట్లోంచి ప్లేట్‌లెట్లు ఇస్తేనే అది ఆగుతుంది.

మందుల ఖర్చు ప్రభుత్వ కార్డు మీద నడుస్తోంది. కానీ కార్డుకు రక్తం ఉండదు కదా! బీ పాజిటివ్ మనుషులు కావాలి. ఒకసారి ఇచ్చినవాళ్లను వెంటనే మళ్లీ తీసుకోరు కాబట్టి ప్రతిసారీ కొత్తవాళ్లు కావాలి. సంపత్ ఇచ్చాడు, బావమరిది ఇచ్చాడు, షాపులో తోటి పనివాడు ఇచ్చాడు. చుట్టాల్లో ఒకరికి షుగరు, ఒకరికి భయం, ఒకరి ఇంట్లో భార్య ఒప్పుకోలేదు. ఆన్‌లైన్లో దొరికిన ఒకాయన “రేపు పక్కా” అని చెప్పి ఫోన్ స్విచాఫ్ చేసుకున్నాడు.

“చౌరస్తాల ఫ్లెక్సీ కడితే ఊరంత చూస్తది గద అన్నా,” అన్నాడు సంపత్. పిల్ల ఫొటో, తన నంబరు ఇచ్చి హైదరాబాదు బస్సుకు పరుగెత్తాడు. ఆ ఫొటో బడి వార్షికోత్సవం నాటిది. ఎర్ర రిబ్బన్లతో రెండు జడలు, మొహానికి ఇంత పౌడరు, ఎవరినో ఆటపట్టిస్తున్నట్టు నవ్వు.

వినయ్ చేతిలో అప్పటికి చాలా పనులున్నాయి. కంప్యూటర్ మీద ముసలాయన దశదినకర్మ డిజైను తెరిచే ఉంది. ముసలాయన ఫొటో తీసేసి శ్రీనిక ఫొటో పెట్టాడు. ‘కన్నీటి నివాళి’ తీసేసి ‘సాయం చేయండి’ అని పెట్టాడు. నీలాకాశం, తెల్లమబ్బులు, అడుగున తామరపూలు, అటూ ఇటూ వెలుగుతున్న దీపాలు మాత్రం అలాగే ఉన్నాయి.

“గీ దీపాలు తీసెయ్యాల్నా అన్నా?” అని అడగనైతే అడిగాడు వినయ్.

“ఉండనియ్యిరా, మంచిగనే ఉన్నయ్. నా ఫొటో జర పెద్దగ పెట్టు. మా పోరగాళ్లందరివి లైన్‌గ పెట్టు,” అన్నాడు రంజిత్.

అలా నా కుడి పక్కన పై నుంచి కింద దాకా సంఘం సభ్యులందరూ చేతులు జోడించి నిలబడ్డారు. కావలసిన రక్తం గ్రూపు, సంపత్ నంబరు, ఆసుపత్రి పేరు అన్నీ కలిసి అడుగున ఒకే ఒక్క లైనులో ఇరుక్కున్నాయి. మెషిన్ నా మీద అటూ ఇటూ తిరిగి రంగు కక్కుతుంటే నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మబ్బులు, దీపాలు, మధ్యలో ఒక మొహం, పక్కన చేతులు జోడించిన మనుషులు. దీన్ని మా జాతిలో ఏమంటారో నాకు తెలియదా!

చౌరస్తాలో కరెంటు స్తంభానికి, డివైడర్ రెయిలింగ్‌కు కలిపి నన్ను కట్టారు. కింద నిలబడి సంఘం వాళ్లు ఫొటోలు దిగి, వాటిని ఫోన్లలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత జనం రావడం మొదలైంది. బండ్లు ఆగాయి, తలలు పైకి లేచాయి. హమ్మయ్య, ఇక ఫోన్లు మోగుతాయనుకున్నాను.

“అయ్యో, గింత సిన్న పిల్లనా!” అన్నాడు ఒకడు, హెల్మెట్ తీసి నమస్కారం పెట్టి పోయాడు.

“దేవునికి కండ్లు లేవు. మంచోళ్లనే జల్ది తీస్కపోతడు,” అంది కూరగాయల సంచీతో వచ్చిన ఒక పెద్దమ్మ. చెప్పులు విప్పి మరీ దండం పెట్టింది.

చచ్చిపోలేదమ్మా, కింద చదువు, నంబరుంది చూడు అని నేను అరిచి గీ పెట్టాను. ప్లాస్టిక్ గొంతు ఎవరికి వినిపిస్తుంది? గాలి వచ్చినప్పుడు టపటపా కొట్టుకోవడం తప్ప నా చేతిలో ఏముంది? రోజంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మనుషులకు జాలి లేదని నేను అనను. జాలి బోలెడంత ఉంది. ఎటొచ్చీ, పోయినవాళ్ల మీద జాలిపడటం వాళ్లకు అలవాటైనంతగా, ఉన్నవాళ్ల కోసం ఒక లైను చదవడం అలవాటు కాలేదు.

మర్నాడు పొద్దున హైదరాబాదు బస్సు కండక్టర్ స్వరూప బస్సు ఆపించి దిగింది. ఆమె చేతిలో బంతిపూల దండ ఉంది. టీ కొట్టతన్ని పిలిచి స్టూలెక్కించి దాన్ని నా మీద వేయించింది. కళ్లు తుడుచుకుని విజిలేసి బస్సెక్కింది. ఆమె మనసు మంచిదే, కాదనను. కానీ ఆ దండ సరిగ్గా అడుగు లైను మీద పడింది. గ్రూపు, నంబరు, ఆసుపత్రి పేరు అన్నీ పూల కింద దాక్కున్నాయి. దండ పడ్డాక ఇంకెవరికైనా అనుమానం ఉంటుందా? సాయంత్రానికి స్తంభం మొదట్లో అగరువత్తులు వెలిగాయి. బతికున్న పిల్ల మొహం మీదికి ఆ పొగ పోతుంటే నన్ను నేనే చింపుకోవాలనిపించింది.

రంజిత్ నా కిందే నిలబడి ఫోన్‌లో సంపత్‌కు చెబుతున్నాడు. “మస్తు రెస్పాన్స్ ఉందన్నా! వచ్చినోళ్లు వచ్చినట్టే ఆగి దండం పెడుతున్రు.” దండం ఎందుకు పెడుతున్నారని అతనూ ఆలోచించలేదు, అవతల పిల్ల మంచం పక్కన ఉన్న సంపత్‌కూ అది తట్టలేదు. అతని ఫోన్ మాత్రం ఒక్కసారి కూడా మోగలేదు.

ఇంకో రెండు రోజులు చూసి, ఇక ఆగలేక సంపత్ తానే మనుషుల్ని వెతుక్కోవడానికి వచ్చాడు. పిల్లకు పొద్దుటి నుంచీ ముక్కులోంచి రక్తం ఆగడం లేదు, సాయంత్రంలోగా ఎక్కించాలన్నారు. బస్సు దిగి రెండడుగులు వేసి తలెత్తాడు. ఆ మొహం నేను మర్చిపోలేను. కాసేపు తనకు చెప్పకుండా ఏదో జరిగిపోయిందని అనుకున్నాడేమో, గబగబా ఫోన్ తీశాడు. అవతల భార్య గొంతు వినిపించాక రెయిలింగ్ ఎక్కి దండ పట్టి లాగాడు. ఒక మూల తాడు తెగింది. పూలు రోడ్డంతా పడ్డాయి.

“ఎవడేసిండ్రా దండ? నా బిడ్డ బతికే ఉన్నది!”

జనం మూగారు. పంచె కట్టుకున్న ఒక పెద్దాయన ముందుకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. “ఊకో బిడ్డా, ఊకో. పోయినోళ్లు మల్ల తిరిగొస్తరా? గుండె రాయి జేస్కోవాలె.”

సంపత్‌కు ఏడవాలో కొట్టాలో తెలియలేదు. వీడియో కాల్ చేసి ఫోన్‌ను అందరి మొహాల ముందూ తిప్పాడు. తెరలో అతని భార్య రవళి, ఆమె ఒళ్లో శ్రీనిక. జడలు లేవు, తల నున్నగా ఉంది, ముక్కులో దూది పెట్టి ఉంది. మొహం మాత్రం చిరాకుతో మండిపోతోంది.

“నాన్నా, నాకు ఇడ్లీ వద్దన్న. అమ్మ ఇంటలేదు,” అంది. తర్వాత ఇన్ని తలలు కనిపించేసరికి, “వీళ్లందరెవలు? నన్నెందుకు చూస్తున్రు?” అని అడిగింది.

పెద్దాయన తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

అంతలో రంజిత్ బండి మీద వచ్చాడు, వెనక సంఘం పిల్లలు. సంపత్ నా కుడి పక్కన ఉన్న ఫొటోలను చూపించాడు. “గీడ ఇంతమందున్నరు గద తమ్మీ. మీల బీ పాజిటివోళ్లు ఎవలన్న ఉంటే ఇప్పుడే బస్సెక్కున్రి. మీ కాళ్లు మొక్కుత.”

రంజిత్ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. “గట్లనకే అన్నా. ఆదివారం మన లీడరన్న బర్త్‌డే. బ్లడ్ డొనేషన్ క్యాంపు పెట్టినం, అందరి పేర్లు రాసిచ్చినం. ఇప్పుడిస్తే మల్ల ఆదివారం ఇయ్యనియ్యరు. ఆదివారం దాక ఆగు, ఎంత గావాల్నంటే గంత ఇప్పిస్త.”

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఒకడు. రంజిత్ చెడ్డవాడని కూడా అనలేను, అదే నా బాధ. అతను నిజంగానే ఆదివారం మంచి పని చేస్తున్నాననుకుంటున్నాడు.

“ఆదివారం దాక నా బిడ్డ ఆగదు తమ్మీ,” అన్నాడు సంపత్. ఆ మాట గట్టిగా కూడా అనలేదు.

చౌరస్తాలో ఆగిన తన బస్సు దగ్గర నిలబడి అంతా విన్న స్వరూప ముందుకొచ్చింది. “ఆ దండ నేనే ఏసిన,” అంది. “రోజూ గీ బిడ్డ మొకం చూసుకుంటనే పోయిన గని కిందున్నది చదవలే. నాది బీ పాజిటివే. ఈ ట్రిప్పు హైదరాబాదుల దింపి సెలవు పెడ్త. బస్సెక్కన్నా, టైమైతాంది.” ఆమె వెనకే సంఘం పిల్లల్లోంచి అన్వేష్ అనే కుర్రాడు బస్సెక్కాడు. ఫొటోల వరసలో అందరికంటే కింద, అందరికంటే చిన్నగా ఉన్న ఫొటో అతనిది.

“అరేయ్, ఆదివారం లెక్క తక్కువైతదిరా!” అని రంజిత్ అరుస్తుండగానే బస్సు కదిలింది.

ఇద్దరు. అంత పెద్ద చౌరస్తాలో ఇద్దరు. వాళ్లిద్దరి పుణ్యాన ఆ సాయంత్రం పిల్లకు రక్తం ఆగిందని తర్వాత విన్నాను. మిగతావాళ్లు తప్పైపోయిందని చెంపలు వేసుకుని, తెగిన తాడు బిగించి, ఎవరి పని మీద వాళ్లు పోయారు. నంబరు ఇప్పుడు స్పష్టంగానే కనిపిస్తోంది. అయినా దాన్ని ఫోన్‌లో ఎక్కించుకున్నవాణ్ని నేను చూడలేదు.

ఆదివారం పొద్దున్నే లీడరన్న ఫ్లెక్సీని తెచ్చి నన్ను పూర్తిగా కప్పేసేలా నా మీదే కట్టారు. నా ముందు అతని నిలువెత్తు నవ్వు, నాకు చిమ్మచీకటి. మైకులో రక్తదానం గొప్పతనం గురించి ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. చప్పట్లు కూడా బాగానే కొట్టారు.

ఆ తర్వాత మున్సిపాలిటీ వాళ్లు మా ఫ్లెక్సీలు రెండింటినీ విప్పేశారు. సంపత్ బావమరిది నన్ను ఇంటికి తెచ్చాడు. ఇప్పుడు వాళ్ల అద్దె ఇంటి డాబా మీద నా వీపున వడియాలు ఎండుతున్నాయి. రవళి నా బొమ్మ వైపు ఎప్పుడూ నేలకే వేస్తుంది, ఆ దీపాలు చూడలేక పాపం. శ్రీనిక ఒక విడత మందులు అయి ఇంటికొచ్చింది. మూతికి మాస్కు, తలకు గుడ్డ. ఇంకా చాలా విడతలున్నాయట.

నిన్న ఎండలో కూర్చోబెట్టకూడదని తల్లి నీడకు జరుపుతుంటే, పిల్ల నా మూల పట్టుకుని పైకెత్తి తొంగి చూసింది. ఎర్ర రిబ్బన్ల పిల్లను చాలాసేపు చూసింది.

“అమ్మా, ఈ అక్క సచ్చిపోయిందా?”

రవళి చేతిలోని గిన్నె జారింది. “ఛీ, గదేం మాట! అది నువ్వే గాదు?”

శ్రీనిక బొమ్మ జడలను వేలితో తడిమింది. తర్వాత తన తలగుడ్డ తీసి తల తడుముకుంది. “మరి దీపాలెందుకు పెట్టిన్రు?” అని అడిగింది.

రవళి నన్ను మళ్లీ బోర్లా తిప్పేసి, చెదిరిన వడియాలు ఏరడం మొదలుపెట్టింది. మెట్ల మీద కూర్చుని సంపత్ ఫోన్ మాట్లాడుతున్నాడు. “అన్నా, గురువారం మల్ల కావాల్నంటున్రు. జర రెండు గంటలు కూసుంటే అయిపోతది అన్నా. నొప్పేం ఉండదు. బస్‌చార్జీ నేనే పెట్టుకుంట.” అవతలి మనిషి చెప్పేదంతా ఓపిగ్గా విన్నాడు. “ఆఁ, ఆఁ. నిజమే అన్నా. పర్లేదు, ఉంట మరి,” అని పెట్టేశాడు.

ఇంకో నంబరు నొక్కాడు.