బిస్కెట్టు పరీక్ష

పరీక్ష రోజు పాప ఏడవకూడదని అమ్మమ్మ చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆస్పత్రికి బయల్దేరే ముందు తొమ్మిది నెలల బుజ్జిదానికి గొంతు దాకా తినిపించింది.

పుట్టేటప్పుడు భుజం ఇరుక్కుని బుజ్జిదాని కుడిచేతి నరాలు దెబ్బతిన్నాయి. చాలా నెలలు ఆ చెయ్యి వేలాడుతూనే ఉండేది. ఆపరేషన్లు చేసే డాక్టరు, వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయి, బొమ్మలతో చేతికి పనులు నేర్పే మాస్టారు, ముగ్గురూ ఎప్పుడూ ఒకే గదిలో కూర్చుని చూసేవారు. ఇవాళ తేలిపోవాలి. కుడి మోచెయ్యి ఒంటికి ఆనించి పట్టుకుంటే, మెడ వంచకుండా ఆ చేతిలోని బిస్కెట్టు నోటికి అందాలి. అందకపోతే నరాలకి ఆపరేషను.

బుజ్జిది బిస్కెట్టు వైపు తీరిగ్గా చూసి కింద పడేసింది. మూడుసార్లు ఇచ్చారు, మూడుసార్లూ అదే. పాపని ఒళ్లో పెట్టుకున్న కూతురి మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు వెలిగింది అమ్మమ్మకి.

"డాక్టరు గారూ, తప్పు నాది. దానికి ఆకల్లేదు. నేనే కూరి కూరి పెట్టాను."

"అమ్మా!" కూతురు పళ్లు నూరింది.

ఫిజియో అమ్మాయి ఫక్కున నవ్వేసింది. డాక్టరు మాత్రం ఫైలు మూసి, "ఆకలయ్యాకే చూద్దాం. మేం మళ్లీ వస్తాం" అన్నారు. ఇంకో నెలకి రమ్మంటారని గుండె చిక్కబట్టుకున్న అమ్మమ్మకి ప్రాణం లేచొచ్చింది.

రెండు గంటలు వరండాలో కూర్చున్నారు. భోజనాల వేళకి ముగ్గురూ వచ్చారు. డాక్టరు చేతిలోని టిఫిన్ డబ్బాకి ఇంకా మూత కూడా తీయలేదు.

ఈసారి బుజ్జిది బిస్కెట్టుని గట్టిగా పట్టుకుంది. చిన్న చెయ్యి వణుకుతూ లేచి గుండె దగ్గర ఆగింది. మళ్లీ కదిలింది. ముందు ముక్కుకి తగిలింది, తర్వాత నోట్లోకి వెళ్లింది. మెడ వంగలేదు.

"నా కత్తికి పని లేకుండా చేశావే బంగారుతల్లీ!" డాక్టరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కూతురు భోరుమంది.

అమ్మమ్మ చేతులు జోడించింది. తర్వాత డాక్టరు చేతిలోని డబ్బా లాక్కుని మూత తీసింది. "ముందు మీరు ముగ్గురూ తినండి నాయనా. మా కోసం పస్తున్నారు. మీ మేలు ఈ జన్మలో మరవం."

"అమ్మా, ఆయనకీ కూరకు!" అంది కూతురు, ఏడుపులోనే నవ్వుతూ.

వాళ్ల గొడవలో ఎవరూ చూడలేదు. బుజ్జిది బల్ల మీది రెండో బిస్కెట్టు కోసం కుడిచెయ్యే చాపింది.