ఒర్వియేతోలో ఆగిపోతానన్న మనిషి

కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో, మోహన్ ఇంట్లో తలా ఒక వంటకం తెచ్చుకున్న పాట్‌లక్ భోజనాలయ్యాయి. ఇటలీ ప్రయాణం సంగతి తేలాల్సి ఉంది. బస్సు, ఊళ్లు, హోటళ్లు అన్నీ మోహన్ చేతిలోనే ఉన్నాయి.

"ఒర్వియేతోకి నలభై నిమిషాలిచ్చా ఆంటీ. చర్చ్ ముందు గ్రూప్ ఫొటో, జెలాటో ఐస్‌క్రీమ్, బస్సెక్కడం."

"నలభై నిమిషాల్లో నువ్వు జెలాటో ఫ్లేవరే తేల్చుకోలేవు," అంది భానుమతి. అందరూ నవ్వారు గానీ ఆమె నవ్వలేదు.

పాథాలజిస్టుగా చేసి రిటైరైన మనిషి ఆమె. ఆ కొండ మీది ఊరి చర్చిలో ఒక గోడంతా, చచ్చినవాళ్లు నేలను చీల్చుకుని లేస్తున్నట్టు బొమ్మలు గీసి ఉంటాయి. కొందరింకా ఎముకలే, కొందరికి కండ పట్టింది. దాని ముందు మూడు రోజులు కూర్చోవాలని ఆమెకు ఏళ్ల నాటి కోరిక.

"నేనక్కడే దిగిపోతా. మీరు వెనిస్ అవీ చూసి రండి, రోమ్‌లో కలుద్దాం."

"మరి అంకుల్?"

అందరూ ఆమె భర్త వాసుదేవరావు వైపు చూశారు. "ఆలోచిస్తా," అన్నాడాయన. అంతకు మించి ఆయన నోట మాట రావడం అరుదు.

మర్నాడు ఇద్దరూ శాన్ ఫ్రాన్సిస్కోలో మ్యూజియంకి వెళ్లారు. ఒక పాత ఇటలీ చిత్రపటం ముందు భానుమతి నిలబడిపోయింది. ఆయన బల్ల మీద కూర్చుని, పటాన్ని వదిలి ఆమెనే చూశాడు. ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది. అంతలో తల తిప్పింది.

"ఏవండీ, షుగర్ మాత్ర వేసుకున్నారా?"

మళ్లీ పటం.

"కాళ్లు లాగుతున్నాయా? పోదామా?"

మళ్లీ పటం.

"బ్యాగ్‌లో అరటిపండుంది, తినండి."

మడికి నీళ్లు ఎక్కుతుండగా ఎవరో మాటిమాటికీ మడవ కొట్టి పక్కకి మళ్లిస్తున్నట్టుంది వాసుదేవరావుకు. తాను పక్కనుంటే ఈవిడకి ఆ గోడ కనబడదు. ఆమె లేకుండా మూడు రాత్రులెలా గడుస్తాయో మాత్రం తోచలేదు. అయినా ఫోన్ తీసి మోహన్‌కు మెసేజ్ పెట్టాడు.

"నేను బస్సులోనే పోతా," అన్నాడు కారెక్కాక.

డ్రైవ్ చేస్తున్న భానుమతి ముఖం వాడిపోయింది. "నాతో ఉండరా?"

"వెనిస్ చూడాలనుంది."

"మీరా? పడవంటేనే భయం కదా!"

"గట్టు మీంచి చూస్తా."

కారు వంతెన దాటింది.

"ఇంత వయసొచ్చినా అబద్ధమాడ్డం చేతకాలేదు మీకు," అంది చివరికి. "సరే, ఒక్కదానికే రూమ్ బుక్ చేస్తా."

"కిటికీ ఉన్న గది తీసుకో."