మామగారి సీటు

"ఇంకోసారి నా గిన్నెలో బోల్టులు నానబెట్టావంటే నీ మొగుడికి అవే వడ్డిస్తాను" అంది అత్తయ్య. అది రాగిముద్ద కెలికే పెద్ద గిన్నె. రాత్రి వెనిగర్ పోసి పదహారు బోల్టులు వేసి, మూత పెట్టి మరిచిపోయాను. గరిటెతో ఒకటి పైకి తీసి చూసుకున్నాను. తుప్పంతా ఊడిపోయి, మరలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత శుభ్రంగా ఉన్నాయి. కాలేజీలో మూడేళ్ళు రసాయనశాస్త్రం చదివినా అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. "చూడండత్తయ్యా, కొత్త నగలా లేదూ?" అన్నాను. "ఉంది, మెళ్ళో వేసుకో. ముందు గిన్నె తోము" అంది.

పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. మా గుసీ తెగవాళ్ళుండే కీసీ కొండల్లో మా అత్తవారిల్లు. ఇంటి వెనక అరటిచెట్ల పక్కన మామగారి ల్యాండ్ రోవర్ పద్నాలుగేళ్ళుగా కదలకుండా ఉంది. ఒకప్పుడు ఈ గుట్ట మీది తేయాకంతా అదే మోసింది. నొప్పులొచ్చిన ఆడవాళ్ళనీ, శవపేటికల్నీ కూడా అదే మోసింది. నేను వచ్చేసరికి వెనకసీటు కింద కోడి గుడ్లు పెడుతోంది. చిత్రం ఏమిటంటే ఆ బండికి పైన ఒళ్ళంతా అల్యూమినియం, దానికి తుప్పు పట్టదు. మొత్తం బరువు మోసే ఇనప చట్రం మాత్రం కింద కనపడకుండా ఉండి, లోపల్నించి తుప్పు పట్టి తరిగిపోతుంది.

పెళ్ళికి ముందు ఒంబాటి నన్ను మొదటిసారి ఇంటికి తీసుకొచ్చిన రోజు పెద్ద వాన. ఇద్దరం పరిగెత్తుకెళ్ళి ఆ బండిలో దూరాం. పైకప్పు కారుతోంది, నా ఒళ్ళోకి ఒక కోడిపిల్ల ఎక్కింది. అతను విరిగిన స్టీరింగు మీద నా చెయ్యి పెట్టి, "మొకేరా, ఇది మళ్ళీ నడిచిన రోజు మొదట తోలేది నువ్వే. రాసిపెట్టుకో" అన్నాడు. ఇంకెవరికైనా ఉంగరం కావాలేమో, నాకు ఆ మాట చాలు. మర్నాడే వెళ్ళి డ్రైవింగు స్కూల్లో చేరాను. పెళ్ళినాటికి లైసెన్సు చేతిలో ఉంది.

పెళ్ళయ్యాక ఒక సంగతి తెలిసింది. తెలిసిందనడం అబద్ధం, గుసీ పిల్లని, పుట్టినప్పట్నుంచీ తెలుసు. కాకపోతే నా దాకా వచ్చింది. కోడలు మామగారితో ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు, ఆయన మంచం ఉన్న గదిలోకి వెళ్ళకూడదు, ఆయన కూర్చునే పీట మీద కూర్చోకూడదు. బండిలో డ్రైవరు సీటు కూడా ఆయన పీటేనట. ఆ సీటు చిరుగులు నేనే కుట్టాను, స్ప్రింగులు నేనే మార్చాను, మోకాళ్ళ మీద కూర్చుని. బ్రేకులు సరిచేసేటప్పుడు పెడలు తొక్కాలి కదా, పక్కసీట్లోంచి పారకర్రతో నొక్కేదాన్ని. ఒంబాటి చూసి పడీ పడీ నవ్వాడు. "నా పెళ్ళాం కర్రతో బండి నడుపుతుందిరోయ్!" అన్నాడు. నేనూ నవ్వాను. అతను మాటిచ్చాడుగా, ఆ రోజు వచ్చినప్పుడు తనే ఏదో దారి చూస్తాడనుకున్నాను.

అతను తేయాకు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా. తెల్లవారి ఆవుపాలు పితికి, టీ పెట్టి, అతన్ని పంపించి, అత్తయ్యతో ఒక బుట్ట ఆకు కోసి, వంట ముగించాక బండి కింద గోనె పరుచుకుని పడుకునేదాన్ని. తీగబ్రష్షుతో గీస్తుంటే కళ్ళల్లోకి ఎర్రటి పొడి రాలేది. సాయంత్రం అతను వచ్చి, చొక్కా మార్చుకుని, నా చేతిలోంచి స్పానర్ తీసుకుని నిలబడేవాడు. ఫోటో నేనే తీసేదాన్ని. ఒకరోజు "మరీ శుభ్రంగా ఉన్నావు, ఎవరూ నమ్మరు" అని నా వేలితో నేనే అతని చెంపకి గ్రీజు రాశాను. ఎంత ముద్దొచ్చాడో! ఆ ఫోటో స్నేహితులకి పంపాడు. "నాన్న బండికి నా చేతులతో ప్రాణం పోస్తున్నా" అని కింద రాశాడు. చదివి గర్వపడ్డాను కూడా. మొగుడూపెళ్ళాల మధ్య నా చేతులేమిటి, నీ చేతులేమిటి అనుకున్నాను.

మామగారికి పక్షవాతం వచ్చి ఎడమకాలు లాగుతుంది. రోజంతా అరుగు మీద కూర్చుని నా పనే చూస్తుండేవారు. అద్దెకి తెచ్చిన వెల్డింగు యంత్రంతో చట్రానికి అతుకులు వేశాను, ఇంజను విప్పి బిగించాను, అయినా ప్రాణం రావడం లేదు. పెట్రోలు పైకెక్కడం లేదు. మూడు రోజులు తల పట్టుకున్నాను. నాలుగోరోజు ఆయన కాళ్ళ దగ్గర నూకలు ఏరుకుంటున్న కోడితో గట్టిగా అన్నారు. "ఏమే పిచ్చి మొద్దూ, పంపు కింద చెయ్యి పెట్టి చూశావా ఎప్పుడైనా? చిన్న మీట ఉంటుంది. వేలితో ఇరవైసార్లు కొట్టాలి. అది తెలియకపోతే తాతలు దిగొచ్చినా లేవదు." నేను ఆయన వైపు చూడకుండా పంపు కింద తడిమాను. ఉంది! వేలితో కొడుతూ లెక్కపెట్టాను. "తాతకి థాంక్స్ చెప్పవే" అన్నాను కోడితో. అరుగు మీంచి నవ్వు వినబడింది.

పక్కసీటు వైపు నుంచి చెయ్యి చాపి తాళం తిప్పి, ముందుకెళ్ళి ఇనపకర్ర పెట్టి ఇంజను తిప్పాను. మూడోసారికి బండి దగ్గి, తుమ్మి, అంతా కలిపి ఒక్కసారి గర్జించింది. అరటాకులు వణికాయి. మామగారు చేతికర్ర నేలకేసి కొడుతూ ఏడుస్తున్నారు. అత్తయ్య మసిగుడ్డతో పరుగెత్తుకొచ్చింది. పెరట్లో పిచ్చిదానిలా గెంతాను. సాయంత్రం ఒంబాటి నన్నెత్తి గిరగిరా తిప్పి, "శనివారం అందరినీ పిలుద్దాం" అన్నాడు.

శనివారం మామగారి తమ్ముడు వచ్చాడు, ఇరుగుపొరుగు వచ్చారు. ఒంబాటి స్నేహితుడు ఒసోరో ట్రాక్టరు వెనక తాడు కట్టి తన తాతగారి పాత ల్యాండ్ రోవర్‌ని లాక్కొచ్చాడు, మాది చూసి తనదీ బాగుచేయించుకుందామని. నేను తెల్లవారుజామున లేచి రెండు కోళ్ళు వండాను. లైసెన్సు జాకెట్టులో పెట్టుకున్నాను.

చిన్నమామగారు బండి చుట్టూ తిరిగి, వంగి కింద చూసి, "అన్నా, అతుకులు ఏ గ్యారేజీలో వేశారు? అచ్చం అచ్చు పోసినట్టున్నాయే. ఎవరు చేశారిది?" అన్నాడు.

నేను టీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. మామగారు ఒక్క క్షణం నా చేతుల వైపు చూశారు. గోళ్ళలో నలుపు ఎంత రుద్దినా పోలేదు. ఆయనకి తెలుసు. నాలుగు నెలలు రోజంతా కూర్చుని చూసినవారు ఆయనొక్కరే. కోడలి పేరు ఇంకొకరితో చెప్పకూడదని మా మర్యాదల్లో ఎక్కడా లేదు.

"ఇంకెవరు? నా కొడుకే" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఒంబాటి తల వంచుకుని సిగ్గుపడ్డాడు. నిజంగానే సిగ్గుపడుతున్నాడేమో, ఇప్పుడు చెప్తాడేమో అని ఎదురుచూశాను. అతను తాళంచెవి వేలికి తిప్పుకుంటూ బండి దగ్గరికి నడిచాడు. పళ్ళెం కింద పెట్టి వెంట వెళ్ళి, అతనికి మాత్రమే వినబడేలా "మొదట నేను కదా?" అన్నాను.

"ఏం నువ్వు?"

"మొదట తోలేది."

అతను నవ్వాడు. కోపం లేదు, విసుగూ లేదు. చిన్నపిల్ల చందమామని అడిగితే నవ్వినట్టు నవ్వాడు. "మతిపోయిందా మొకేరా? నాన్న సీటు అది. ఇంతమంది ముందు నువ్వు కూర్చుంటే ఏమంటారు? అప్పుడేదో వానలో అన్నాను. చిన్నాన్న టీ చల్లారిపోతోంది, చూడు."

మామగారిని పక్కసీట్లో కూర్చోబెట్టారు. వెనక చిన్నమామగారు, ఒసోరో, ఇంకో ఇద్దరు ఎక్కారు. పిల్లలు వెంట పరుగెత్తారు. బండి గుట్ట దిగుతూ మలుపు దగ్గర గేరు మారింది. చక్కగా, ఒక్క కరకర లేకుండా మారింది. ఆ చప్పుడు విని నా గుండె సంతోషంతో పొంగింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

అత్తయ్య నా చేతిలో ఎంగిలి కప్పులు పెట్టింది. "ఆ బండి సీటు గుడ్డలు ముప్పై ఏళ్ళు ఉతికాను. ఒక్కరోజు కూడా ముందుసీటు ఎక్కలేదు. ఎప్పుడూ ఆకు మూటల మీదే. ఏడిచానా?" అంది. నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె చటుక్కున అటు తిరిగి పొయ్యి ఊదడం మొదలుపెట్టింది. పొయ్యిలో నిప్పు బాగానే మండుతోంది.

వాళ్ళు సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చారు. అతిథులు వెళ్ళిపోయాక ఒంబాటి వంటింట్లోకి వచ్చాడు, ఎండకి కందిన మొహంతో, మెరుస్తున్న కళ్ళతో. నా నడుం చుట్టూ చెయ్యి వేశాడు. "ఏం పరిగెత్తిందనుకున్నావ్! ఒసోరో అయితే పిచ్చెక్కిపోయాడు. వాడి బండి మన దగ్గరే వదిలేశాడు. చేసిస్తానని మాటిచ్చాను. నువ్వొకసారి చూసి చెప్పు, ఎన్నాళ్ళు పడుతుందంటావ్?"

వంటింటి కిటికీలోంచి ఆ బండి కనిపిస్తోంది. పొద్దున్నే చూశాను, పళ్ళెం చేతిలో ఉండగానే. వెనక చట్రం ఎడమవైపు కుంగింది, కొత్త ముక్క వెయ్యాలి. తలుపుల చట్రాలు పనికిరావు. ఇంజను మాత్రం బతికే ఉంటుంది. నా వేళ్ళు అప్పుడే దాని కిందికి వెళ్ళిపోతున్నాయి.

"నన్నడుగుతావేంటి?" అన్నాను. "నువ్వే చేశావుగా. నీకే తెలియాలి."

అతను వేళాకోళం అనుకుని నవ్వాడు. నేను నవ్వడం లేదని చూశాడు. నా నడుం మీది చెయ్యి మెల్లగా జారిపోయింది. "మొకేరా, ఎన్నాళ్ళో చెప్పు" అన్నాడు మళ్ళీ, ఈసారి చిన్నగా.

"తెలీదు" అన్నాను.

తొమ్మిది వారాలు. నాకు తెలుసు. పెళ్ళయ్యాక అతని దగ్గర నేను దాచుకున్న మొదటి మాట అది.