రెండువందల అరవై అక్షరాల్లోపు

మా ఆఫీసులో ఒక మేధావి ఉన్నాడు. ఆ పేరు నేనే పెట్టాను, అతను మాత్రం నిజమనుకుని మురిసిపోతాడు. చేరిన రోజు నుంచీ ఒకటే పాట: "కోడ్ ఎవడైనా రాస్తాడు, ఆలోచించేవాడు కావాలి." సరే, ఆలోచన ఆయనది, చాకిరీ మాది. గొంతు ఆస్పత్రి పనికి మాత్రం ఏం బుద్ధి పుట్టిందో, స్వయంగా తనే రాశాడు.

ఆ ఆస్పత్రిలో జబ్బు ముదిరి స్వరపేటిక తీసేయాల్సినవాళ్ల చేత ముందే వందల కొద్దీ వాక్యాలు చెప్పించి రికార్డు చేస్తారు. ఆపరేషన్ అయ్యాక పలకలాంటి యంత్రం ఒకటి చేతికిస్తారు. అందులో ఏది టైపు చేసినా అది వాళ్ల గొంతుతోనే పలుకుతుంది. ఈ రికార్డింగులు ఉన్న సర్వర్ ముసలిదైపోయింది కాబట్టి కొత్తదానిలోకి మార్చాలి. మా పని అంతే. ఒక గదిలో సామాను పక్క గదిలో పెట్టడం లాంటిది. దానికి మేధావి మూడు వారాలు తీసుకుని, మీటింగులో గంటన్నర డప్పు కొట్టుకున్నాడు.

పని అయిపోయిందని పత్రం ఇచ్చిన పదో రోజున ఆస్పత్రి రికార్డుల అక్క ఫోన్ చేసింది.

"అమ్మాయ్, దర్జీ అమ్మ గొంతు కనిపించట్లేదు."

"కనిపించకపోవడం ఏంటక్కా? సరిగ్గా చూడండి."

"నాలుగుసార్లు చూశాను. పన్నెండు వందల వాక్యాలు రికార్డు చేశాం. ఇప్పుడు అరవైమూడే ఉన్నాయి. ఆవిడకి ఆపరేషన్ అయిపోయింది. రేపు యంత్రం ఇవ్వాలి."

ఈ అక్కని మేం పురాణం అని పిలిచేవాళ్లం. ఫోల్డర్‌కి పేరు పెట్టమంటే ఒక పేరా రాస్తుంది. ఏ ఫైలో తప్పిపోయి ఉంటుంది, ఈవిడే ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటుంది అనుకుంటూ, ఎండలో తిట్టుకుంటూ వెళ్లాను.

రికార్డుల గది మెట్ల కింద ఉంది. ఒక ఫ్యాను, రెండు కుర్చీలు, గోడకి ఆనించిన మైకు. అక్క కంప్యూటర్‌లో V అని ఒక డ్రైవ్ ఉంది. దాన్ని తెరిస్తే నేరుగా దర్జీ అమ్మ ఫోల్డర్‌లోకే వెళ్తుంది.

"ఇది ఎవరు పెట్టారక్కా?"

"పాత ఇంజనీరు. ప్రతిసారీ పది ఫోల్డర్లు నొక్కలేక చస్తున్నానంటే, ఏ రోగి పని నడుస్తుంటే ఆ రోగికి ఒక అక్షరం తగిలించుకోమని నేర్పాడు."

అప్పుడు వెలిగింది నాకు. అక్క వైపు నుంచి చూస్తే ఫైలు చిరునామా, అంటే దారి, పొట్టిది: V, ఆ తర్వాత ఫైలు పేరు. మేధావి ప్రోగ్రాము నడిచిన సర్వర్ వైపు నుంచి చూస్తే అదే దారి ఇంటి పేరుతో, వంటి పేరుతో, తాత ముత్తాతలతో సహా మొదలవుతుంది. 'స్వర సంరక్షణ విభాగం'లో 'ఆపరేషన్‌కు ముందు తీసుకున్న రికార్డింగులు', అందులో 'రెండో విడత డాక్టరు గారు విని సరేనన్నవి', అలా లోపలికి, ఇంకా లోపలికి. లెక్కపెట్టాను. ఫోల్డర్ల దారికే రెండువందల ముప్ఫైతొమ్మిది అక్షరాలు. మన గుణింతాలూ ఒత్తులూ కంప్యూటర్‌కి విడివిడి అక్షరాలే మరి.

ఆస్పత్రిలో ఉన్నవన్నీ విండోస్ మిషన్లు. అందులో మామూలు పద్ధతిలో రాసిన ప్రోగ్రాముకు దారి మొత్తం రెండువందల అరవై అక్షరాల్లోపు ఉండాలి. దాటితే ఫైలు కళ్లెదుట ఉన్నా దొరకదంటుంది. దీనికి మందు కూడా అందరికీ తెలిసిందే. దారి ముందు నాలుగు గుర్తులు పెట్టాలి: రెండు వెనక్కి వాలిన గీతలు, ఒక ప్రశ్నార్థకం, ఇంకో గీత. నాలుగంటే నాలుగు! మూడు వారాలు ఆలోచించిన మహానుభావుడికి ఆ నాలుగూ తట్టలేదు. పోనీ, తప్పు జరిగితే అరిచి చెప్పేలా రాశాడా? అదీ లేదు. లోపం వస్తే ఏం చెయ్యాలో రాయాల్సిన చోట ఖాళీగా వదిలేశాడు. ప్రోగ్రాము దొరకని ఫైలును దాటుకుంటూ పోయి, చివర్లో సిగ్గూ ఎగ్గూ లేకుండా 'కాపీ పూర్తి. లోపాలు: సున్నా' అని చెప్పింది.

అక్క ప్రతి ఫైలుకీ అందులో చెప్పిన వాక్యాన్నే పేరుగా పెట్టింది. అందుకే పొట్టి మాటలు బతికాయి. పొడుగువన్నీ పోయాయి.

"పాత సర్వర్?" అన్నాను.

"మీ పత్రం రాగానే తుడిచేసి పంపేశారమ్మా. రోగుల వివరాలు కదా, ఉంచకూడదట." అక్క కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "రాసిచ్చినవి చదవమంటే ఆవిడ వినేదా? తన కొట్లో మాటలన్నీ చెప్పింది. 'కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగపట్టి, కుట్టాక బిగుతైందని నా మీద ఎగిరితే ఎలా' అని ఒకటుంది. ఎన్నిసార్లు విన్నా నవ్వొచ్చేది."

మేధావికి ఫోన్ చేశాను.

"అది ఆపరేటింగ్ సిస్టమ్ పరిమితి," అన్నాడు తాపీగా. "మన తప్పెలా అవుతుంది? అంత పొడుగు పేర్లు ఎవడు పెట్టమన్నాడు?"

"ఒక మనిషి గొంతు పోయిందయ్యా!"

"గొంతు ఆపరేషన్‌లో పోయింది. ఫైళ్లు పోయాయి, అంతే. మాట జాగ్రత్తగా వాడు."

ఛీ! ఇతనితో మాట్లాడితే నోరు కడుక్కోవాలనిపిస్తుంది. ఈసారి వదిలేది లేదు, ఎవరి చేతి రాతో అందరి ముందూ పెడతాను అనుకుని కోడ్ తెరిచాను. మా ఆఫీసులో ఎవరు రాసినా రెండో మనిషి చదివి సరేననాలి, లేకపోతే అది గడప దాటదు. మేధావి రాతకి కింద ఆ రెండో మనిషి సంతకం ఉంది. 'చూశాను. బాగుంది.' అతను పంపిన నాలుగు నిమిషాలకే. పేరు నాదే.

ఆ రోజు టీ తాగుతూ ఫోన్‌లోనే నొక్కాను. ఒక్క పంక్తి చదవలేదు. అతని రాత చదవడం నా స్థాయికి తక్కువనుకున్నానో, బద్ధకమో, ఇప్పుడు ఏదనుకున్నా ఒకటే. మాలో ఆ పన్నెండు వందల ఫైళ్లనూ ఒక్కొక్కటిగా విని పేరు పెట్టిన మనిషి పురాణం ఒక్కతే.

మర్నాడు దర్జీ అమ్మ వచ్చింది. మెడకి కట్టు, బ్లౌజుకి ఇంకా గుచ్చే ఉన్న రెండు గుండుసూదులు. వెంట కూతురు. విషయం చెప్పడానికి ఆఫీసు నన్నే పంపింది. ఏం చెప్పాలో కూడా రాసిచ్చారు.

"అమ్మా, ఇది ఆపరేటింగ్ సిస్టమ్ పరిమితి వల్ల..." అని మొదలుపెట్టాను.

"అంటే?" అంది కూతురు. "అమ్మ ఇంక మాట్లాడదా?"

"యంత్రం గొంతు తయారుచెయ్యాలంటే కనీసం వెయ్యి వాక్యాలుండాలి. అరవైమూడే ఉన్నాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు వినిపించగలం. కొత్త మాట పలకలేదు."

"మరి మా పిల్లని తిట్టేది? అది బడి నుంచి రాగానే సంచి విసిరేస్తే అమ్మ ఒకటి అనేది. అది ఉందా?"

"పొడుగుదా?"

"పొడుగుదే."

"లేదు," అన్నాను.

కూతురు ఏడ్చింది. దర్జీ అమ్మ ఏడవలేదు. యంత్రాన్ని తన వైపు లాక్కుని, ఉన్న అరవైమూడింటినీ కళ్లు చికిలించి చూసుకుంటూ కిందికి జరిపింది. రా. వద్దు. చాలు. కత్తెర ఏది. ఊపిరి వదులు. ఒక్కొక్కదాని దగ్గరా ఆగి, ముందుకు పోయింది. నేను నీళ్లు నములుతూ ఆ కాగితంలో మిగిలిన ముక్కలు కూడా అప్పజెప్పాను: విచారిస్తున్నాం, ఇకపై జాగ్రత్తలు తీసుకుంటాం, ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు.

ఆ చివరి మాట దగ్గర ఆవిడ తలెత్తి నన్ను చూసింది. మళ్లీ కిందికి చూసి, వేలితో ఒకదాన్ని నొక్కింది.

"సిగ్గులేదా?"

గది మార్మోగింది. కంచు గొంతు. కూతురు ఏడుపు ఆపి తల్లి మొహంలోకి చూసింది. తలుపు దగ్గర అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ ఫైలు పేరులో ప్రశ్నార్థకం లేదు. విండోస్‌లో పేరుకి అది పెట్టనివ్వదు. గొంతులో మాత్రం ఉంది. దర్జీ అమ్మ జవాబు కోసం చూస్తోంది. నా చేతిలో ఉన్న కాగితంలో దానికి జవాబు రాసి లేదు.