స్పీడ్‌బ్రేకరు దగ్గర ఆగిపోయే పాట

నాన్న కంట్లో శుక్లం తీసి అయిదు రోజులైంది. ఎనిమిది రోజుల దాకా పనిముట్టు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఆస్పత్రికి వెళ్లే ముందు నాన్న నాకు ఒక షరతు పెట్టాడు. బండ్లకు స్టీరియోలు బిగించే మా కొట్టు ఈ ఎనిమిది రోజులూ నేనే నడపాలి. నేను బిగించిన బండి ఒక్కటి కూడా తిరిగి రాకపోతే పనిబల్ల ఇక నాది. వస్తే, బస్టాండు దగ్గర పనిచేసే మోంజీకి బల్ల అప్పగిస్తాడు. నేను మళ్లీ ఫోన్లు ఎత్తే కుర్చీలో కూర్చుంటాను.

అయిదో రోజు ఉదయం ఖ్మాయిస్ బాబాయి బండి తిరిగి వచ్చింది.

ఆయనది ఎనిమిది మంది ఎక్కే లువాజ్, ఊరి నుంచి ఊరికి తిరిగే షేర్ టాక్సీ. రోజూ మహ్దియా నుంచి ట్యూనిస్‌కు నడుపుతాడు. శనివారం అందులో కొత్త స్టీరియో బిగించాను. నాన్న చెయ్యి పడకుండా మొదటి తీగ నుంచి చివరి మర దాకా నేనే చేసిన మొదటి బండి అది.

"అంకెలు వెలుగుతున్నాయి, రంగులు తిరుగుతున్నాయి. గొంతే పడిపోయింది నజీహా," అన్నాడు ఖ్మాయిస్ బాబాయి దిగుతూనే. "నిన్న దారంతా నేనే పాడాను. ఇద్దరు సగం దారిలో, సూసాలోనే దిగిపోయారు."

నాన్న గుమ్మం పక్కన, ఒక కంటికి గుడ్డ కట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఏమైందని అడగలేదు.

"బండి చూడ్డానికి ఎవరెవరు వచ్చారు ఖ్మాయిస్?" అని అడిగాడు.

బాబాయి ముఖం విప్పారింది. ఆదివారం వీధి వీధంతా వచ్చిందట. వాళ్లమ్మ లల్లా మన్నూబియా అందరికీ మఖ్రూద్ మిఠాయి పంచిందట. బండి కంటే ముందు పాటే ఇంటికి చేరిందని పక్కింటామె అందట. నాన్న తల ఊపుతూ విన్నాడు. తిరిగి వచ్చిన ప్రతివాణ్నీ నాన్న ముందుగా ఇదే అడుగుతాడు. చిన్నప్పటి నుంచీ వింటున్నాను. వచ్చినవాడి కోపం చల్లారడానికి వేసే ప్రశ్న అనుకునేదాన్ని.

నాకు మాత్రం భయం పట్టుకుంది. తప్పు నాదేనని తేలితే మూడు రోజులు మిగిలి ఉండగానే బల్ల పోతుంది.

ముందు స్టీరియోను డాష్‌బోర్డులోంచి బయటికి లాగాను. అంకెలు వెలుగుతున్నాయంటే కరెంటు అందుతోంది, ఫ్యూజు మంచిదే. ధ్వని మొత్తం ఒక మూలకే వెళ్లేలా ఎవరైనా తిప్పారేమోనని చూశాను. అదీ లేదు. నేను వేసిన అతుకులన్నీ ఒక్కొక్కటిగా లాగి చూశాను. ఏదీ ఊడిరాలేదు.

గోడ గడియారంలో వేసే చిన్న బ్యాటరీ కోసం సొరుగు వెతికాను. స్పీకరు తీగలకు దాన్ని ఒక్క క్షణం తాకిస్తే, బతికున్న స్పీకరు 'టక్' మంటుంది. నాన్న నేర్పిన పద్ధతి. సొరుగు అడుగున హల్వా డబ్బా ఒకటి చేతికి తగిలింది. అందులో సైకిల్ ట్యూబు ముక్కలు ఉంటాయి, వేలెడంత పొడవుతో, ఒక పక్క నిలువునా చీల్చి. అవెందుకని ఎప్పుడో అడిగితే పనికొస్తాయన్నాడు నాన్న. పనికి రావడం నేనెప్పుడూ చూడలేదు. డబ్బా పక్కకు నెట్టి బ్యాటరీ తీసుకున్నాను.

ముందు తలుపుల్లో రెండూ టక్‌మన్నాయి. వెనక పక్కప్యానెళ్లలో రెండూ టక్‌మన్నాయి. స్పీకర్లు మంచివే, తీగలు మంచివే. స్టీరియో పెట్టి తిప్పితే నాలుగూ హాయిగా పాడాయి.

ఖ్మాయిస్ బాబాయి తెల్లబోయాడు. "నీ దగ్గరికి వస్తే పాడుతుంది, నా దగ్గర అలుగుతుంది. అచ్చం మా ఆవిడలాగే."

పాడుతోంది కదా అని పంపేయవచ్చు. మధ్యాహ్నానికి మళ్లీ వస్తుందని నాకు తెలుసు. శనివారమంతా పాడింది, ఆదివారం తర్వాత ఆగింది. నిలబడితే పాడుతోంది, తిరిగితే ఆగుతోంది. ఎక్కడ ఆగుతుందో చూడాలనిపించింది. భయం కాస్త తగ్గి, దాని స్థానంలో ఆ ఆలోచనే మిగిలింది. నాన్నతో చెప్పి, మీటరు పట్టుకుని బండి వెనక వరుసలో కూర్చున్నాను.

రేవు దాకా పాట సాఫీగా వచ్చింది. చేపల బజారు ముందు స్పీడ్‌బ్రేకరు ఎక్కి దిగగానే నాలుగు స్పీకర్లూ ఒక్కసారే మూగబోయాయి. అంకెలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

"ఇక్కడే, ఎప్పుడూ ఇక్కడే," అన్నాడు బాబాయి.

బండి పక్కకు తీయమని, స్టీరియో ఆపమన్నాను. స్పీకరు తీగ ఏదైనా బండి ఇనుముకు తగిలితే కొత్త స్టీరియోలు కాలిపోకుండా తమంతట తామే గొంతు నొక్కుకుంటాయి. ఒక్క తీగ తగిలినా నాలుగు గొంతులూ పోతాయి. ప్లగ్గు విడదీసి, మీటరు ఒక కొనను ఇనుముకు ఆనించి తీగలన్నీ వరసగా చూశాను. మూడు స్పీకర్లు శుభ్రంగా ఉన్నాయి. కుడిపక్క వెనకది తాకించగానే మీటరు కూసింది.

ఆ ప్యానెలు పైక్లిప్పు శనివారం నా చేతిలో విరిగింది. తర్వాత వేద్దాంలే అని వదిలేశాను. అక్కడ రెండు వేళ్లు దూరేంత సందు ఉంది. మరలు విప్పి ప్యానెలు పక్కకు వంచాను.

స్పీకరు వెనక ఒక ఇత్తడి చేప వేలాడుతోంది. నా చూపుడువేలంత ఉంది. రాగితీగతో లోపలి ఇనుప పట్టీకి కట్టి ఉంది. బండి ఎగిరినప్పుడు అది ఊగి, స్పీకరు తీగ తగిలించిన కొక్కెంలో తోక ఇరుక్కుంది. ఇంకో కుదుపుకు ఊడిపోతోంది కాబట్టే కొట్టులో పాడింది.

ఖ్మాయిస్ బాబాయి వంగి చూసి గుర్తుపట్టాడు. అది పసితనంలో దిష్టి తగలకుండా ఆయన ఉయ్యాలకు కట్టిన చేపట. దిష్టి బొమ్మలు బండిలో వద్దని రెండేళ్ల కిందట తల్లితో గొడవపడ్డాడట. వెంటనే ఇంటికి ఫోను చేశాడు. లల్లా మన్నూబియా గొంతు నాకు కూడా వినిపించింది.

"బండి కంటే ముందు పాట వచ్చిందని అందిరా ఆ పక్కింటిది, నలుగురి ముందూ. నేను చేతులు కట్టుకుని కూర్చోవాలా? తీశావంటే నీ బండి ఎక్కను. ఆస్పత్రికి నడిచే పోతా."

"అమ్మా, నీ చేపే పాట మింగేసింది."

"మింగితే మింగనీ. నిన్ను మింగలేదుగా."

కొట్టుకు తిరిగి వచ్చి, క్లిప్పు సంగతి దాచకుండా జరిగిందంతా నాన్నకు చెప్పాను. చేపను ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన చూడకుండానే వేళ్లతో తడిమాడు.

"దీనికి తోక పెద్దది," అన్నాడు.

అప్పుడు నాకు హల్వా డబ్బా గుర్తొచ్చింది. ఒక ట్యూబు ముక్క తెచ్చి చీలిక తెరిచాను. కొలతకు కుట్టించిన చొక్కాలోకి ఒళ్లు దూరినట్టు చేప అందులోకి దూరింది. తోక దగ్గర మాత్రం కాస్త కత్తిరించాల్సి వచ్చింది. రాగితీగ తీసేసి, నైలాన్ తాడుతో స్పీకరుకు జానెడు దూరంలో కట్టాను. కొత్త క్లిప్పు వేశాను. స్పీడ్‌బ్రేకరు మీద మూడుసార్లు తిప్పించాను. పాట ఆగలేదు.

ఖ్మాయిస్ బాబాయి వెళుతూ నాన్నతో, "ఉస్తా తాహర్, తిరిగొచ్చింది నీ కూతురి పని కాదు, మా అమ్మ పని," అన్నాడు.

"సగం," అన్నాడు నాన్న. "క్లిప్పు పెట్టి ఉంటే మీ అమ్మ వేళ్లు దూరేవి కావు."

బండి వెళ్లిపోయింది. నాన్న ఫోను ఆయన మోకాలి మీద ఉంది. మోంజీ నంబరు అందులో ఉందని నాకు తెలుసు.

"నీకు ముందే తెలుసా నాన్నా?"

"నలుగురి కళ్లూ పడితే దిష్టికి ఏదో ఒకటి కడతారు. చేపో, చెయ్యి బొమ్మో, నాణెమో, ఎక్కడ పెట్టిందో నాకేం తెలుసు. ఎవరొచ్చారని అడిగాను. నువ్వు పక్కనే ఉన్నావు."

"అది ఊరికే అడుగుతావనుకున్నాను."

"పాడుతోంది కదా అని పంపేస్తావనుకున్నాను నేను."

ఫోను తీసి జేబులో వేసుకున్నాడు. కాసేపటికి, డబ్బాలో ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగాడు. నాలుగు, అన్నాను.

"ట్యూబు అటక మీద ఉంది. కొన్ని కోసి పెట్టు. తోక దగ్గర వెడల్పు ఎంత కావాలో నీకిప్పుడు తెలుసుగా. సొరుగు అడుగున పడెయ్యకు, బల్ల మీద నీ చేతికి అందేలా పెట్టుకో."

నిచ్చెన తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లాను.