మూడోసారి పగిలిన ఎల్బో

ఆ కర్మాగారంలో ఇనుప సామానుకి పూత పూస్తారు. పూతకు ముందు సామానంతా వేడి ఆమ్లంలో కడగాలి. ఆమ్లం ఇనుప గొట్టాన్ని బతకనివ్వదు కనక, తొట్టి నుంచి తొట్టికి అది ప్లాస్టిక్ గొట్టంలోనే నడుస్తుంది. ఆ గొట్టం గోడ వెంబడి సాగి మూల తిరిగేచోట మోచేతిలా వంగిన అతుకు ముక్క, ఎల్బో, ఒకటి ఉంది. అది ముచ్చటగా మూడోసారి పగిలింది.

పగిలితే పగిలింది, అక్కడే పనిచేసే ఒకామె కుటుంబంలో చిచ్చు కూడా పెట్టింది. ఎల్బోని అతికింది ఆమె భర్త. ప్లాస్టిక్ వెల్డింగుకి అతనే పెద్ద. గొట్టాల బాగోగులు చూసే సూపర్‌వైజరు ఆమె సొంత అన్నయ్య. బోల్టు కనబడితే చాలు, పానాతో ఓ తిప్పు తిప్పితే గాని ఆయన అడుగు ముందుకు పడదు. అందుకే అక్కడ అందరికీ ఆయన ‘పానాగారు’. ఇక ఆమె పని, డిజైన్ ఆఫీసులో కూర్చుని ఏ గొట్టం మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కగట్టడం.

“అతుకులోనే ఉంది లోపం” అన్నాడు అన్నయ్య.

“పంపు వణుకుతుంటే అతుకేం చేస్తుంది?” అన్నాడు భర్త.

అంతవరకూ “ఒరే బావా” అని పిలుచుకున్నవాళ్లు కాస్తా “బావగారూ, మీరు” అనుకోవడం మొదలెట్టారు. ఆ మర్యాద పెరిగేకొద్దీ ఆమెకి గుబులూ పెరిగింది. అత్తగారు మాత్రం, “పెళ్లిలో కూడా వీళ్లింత పద్ధతిగా మాట్లాడుకోలేదే అమ్మా” అని నవ్వేసింది.

మేనేజరు ఆ తగువు తెచ్చి ఆమె బల్ల మీదే పెట్టాడు.

“ఇద్దరి మధ్యా నన్నెందుకు ఇరికిస్తారు సార్?”

“లెక్కకి బంధుత్వమేంటమ్మా? కానివ్వండి.”

వేడెక్కితే ప్లాస్టిక్ గొట్టం ఇనుము కన్నా ఎన్నో రెట్లు సాగుతుంది. సాగిన మేరకు మూల దగ్గర పక్కకు వంగి సర్దుకునేలా డ్రాయింగులో చోటు వదిలే ఉంది. ఎన్నిసార్లు లెక్క వేసినా, పంపు వణుకు కలిపి చూసినా ఎల్బోకి చీమ కుట్టినంత నొప్పి కూడా కనబడలేదు. అంటే, తప్పు భర్త మెడకే చుట్టుకునేలా ఉంది.

“అయితే నా అతుకే బాలేదంటావు?” అన్నాడతను, అన్నం ముందు కూర్చుని.

“నేనన్లేదండీ. లెక్క అలా వచ్చింది.”

అతను కంచం ముందు నుంచి లేవలేదు గానీ, కూరలో ఉప్పు ఎక్కువైనా పల్లెత్తు మాట అనలేదు. ఏదో ఒక వంక పెట్టే మనిషి అలా తినేస్తుంటే, ఆమే లేచి మజ్జిగ తెచ్చి వడ్డించింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్తుంటే ఆమెకి తట్టింది: తను లెక్క వేసింది కాగితం మీది గొట్టానికి, గోడ మీది గొట్టాన్ని ఈమధ్య చూసిందెక్కడ? డ్రాయింగు చంకన పెట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఎల్బోకి పక్కనే, గొట్టాన్ని గోడకి బిగించే క్లాంపు, డ్రాయింగులో లేనిది ఒకటి తళతళలాడుతూ ఉడుంపట్టు పట్టింది. అంత నున్నగా, అంత గట్టిగా బిగించే చెయ్యి ఆ కర్మాగారంలో ఒక్కటే. ఆమెకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

క్లాంపుని కలిపి మళ్లీ లెక్క వేసింది. ఈసారి ఎల్బో మీద ఒత్తిడి హద్దు దాటిపోయింది. రిపోర్టు రాసే ముందు అన్నయ్యని, భర్తని ఇద్దరినీ మూల దగ్గరికి పిలిచింది. కొత్త ఎల్బో అతికించి ఉంది, ఆమ్లం ఇంకా వదల్లేదు.

“అన్నయ్యా, ఈ క్లాంపు నువ్వు పెట్టిందేనా?”

“నేనే. వేడెక్కినప్పుడల్లా గొట్టం పాములా జరుగుతుంటే ఒళ్లు జలదరించేది. బిగించి పారేశాను. ఏం?”

“కాస్త వదులు చెయ్యి. లైనులోకి వేడి నీళ్లు వదిలిద్దాం.”

ఆయన సణుగుతూనే నిచ్చెన ఎక్కి బోల్టు వదులు చేశాడు. నీళ్లు పారాయి. గోడ వెంబడి గొట్టం మెల్లగా జరిగింది. మూల దాటిన ముక్క రెండు వేళ్ల మందాన పక్కకి వంగి, చప్పుడు లేకుండా ఆగిపోయింది. అన్నయ్య గ్లవుజు వేసుకుని ఎల్బో మీద చెయ్యి ఆనించాడు, జ్వరం చూసినట్టు.

“ఇది ఇంత దూరం జరగాలని చూస్తుంటే, నేను జుట్టు పట్టుకుని ఆపానన్నమాట” అన్నాడు చివరికి. బావ వైపు తిరిగాడు. “నీ అతుకుని ఊరికే ఆడిపోసుకున్నాన్రా బావా.”

“నేను మాత్రం తక్కువా? పాపం, ఆ పంపుని తిట్టని తిట్టు లేదు” అన్నాడు భర్త. ఇద్దరూ ఫక్కున నవ్వారు.

“క్లాంపు తీసేస్తే మరి గొట్టం బరువుకి కిందికి బొజ్జ వెయ్యదుటే?” అన్నాడు అన్నయ్య.

ఆ మాట సబబే. ఆమె అక్కడికక్కడే చాక్‌పీసుతో నేల మీద గీసింది: కింద బరువు మోసే పీట ఉండాలి, పైన పట్టు ఉండకూడదు. మధ్యాహ్నానికల్లా ఆయనే దాన్ని తయారు చేయించాడు. గొట్టం రాసుకోకుండా అంచులు తన చేత్తోనే నున్నగా అరగదీశాడు.

ఎండలు ముదిరినా, చలి వచ్చినా ఆ ఎల్బో మళ్లీ పగల్లేదు. మేనేజరు మిగతా ప్లాస్టిక్ లైన్లన్నీ ఒకసారి నడిచి చూసి రమ్మన్నాడు. ముగ్గురూ కలిసే బయల్దేరారు. ముందు అన్నయ్య, వెనకాల టార్చి పట్టుకుని భర్త, మధ్యలో ఆమె. షెడ్డు పైకప్పు మీద వాన పడుతోంది. అక్కడక్కడా ఆగి, తలెత్తి, “ఇది కదలాలా, కదలకూడదా?” అని అన్నయ్య అడుగుతుంటే, ఆమెకి తన ఉద్యోగం మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.