మామగారి చివరి మాట

అక్షరాలకు ప్రాణం పోసిన తల్లీ, వాగ్దేవీ! పండితుల పీఠాల మీద కొలువుండే నీకు వంటింటి గట్టు మీద కూడా చోటున్నదని నమ్మి, ఒక ఇల్లాలి కథ మొదలుపెడుతున్నాను. మాట తడబడకుండా, నిజం జారిపోకుండా కాపాడు.

"వదినా, అందరి జీవితకథలూ అందాయి. మీదొక్కటే బాకీ" అన్నాడు మరిది, ఉతికిన బట్టలు మడతపెడుతున్న ఆమె ముందు రెండు తెల్లకాగితాలు ఉంచి. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి విశ్రాంతి పుచ్చుకున్న ఆయన, వంశచరిత్రను పుస్తకంగా వేయించే పనిలో ఉన్నాడు. ఎవరి కథ వారే రాయాలన్నది ఆయన పెట్టిన నియమం.

"దానికి రెండు కాగితాలెందుకురా? వచ్చింది, వండింది. అయిపోయింది" అన్నాడు భర్త, పేపరు చాటునుంచి. అందరూ నవ్వారు. అలవాటు చొప్పున ఆమె కూడా నవ్వింది. చేతిలో ఉన్నది ఆయన చొక్కాయే. కాలరు సరిచేసి మడిచింది.

మధ్యాహ్నం భోజనాల బల్ల తుడిచి, తడి ఆరేదాకా ఆగి, కాగితం పరిచింది. పుట్టిన సంవత్సరం రాసింది. ఆపైన గుర్తుకు వచ్చినవన్నీ ఎవరో ఒకరివి: ఆయన బదిలీలు, ఆడపడుచు పురుళ్ళు, పిల్లల పరీక్షలు, అత్తగారి మోకాళ్ళ నొప్పులు. తనదంటూ ఒక్కటైనా ఉండకపోతుందా అని వెదకగా వెదకగా పాత ఉద్యోగం తగిలింది. ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేసింది. చిక్కుపడిన కాగితాలు వస్తే అధికారి ఆమెనే పిలిచేవాడు. చిక్కు విడిపోగానే, "అలాగే అందరికీ టీ కూడా చూడమ్మా, ఆడవాళ్ళ చేతి రుచే వేరు" అనేవాడు. ఆ కుర్చీ అయినా నిలిచిందా? మామగారికి పక్షవాతం వచ్చిన వారంలోనే భర్త తేల్చేశాడు: "నువ్వు మానేస్తే ఆఫీసు మూతపడదు. నాన్నకు మాత్రం మనిషి కావాలి." ఆపైన ఏళ్ళ తరబడి ఆ గది. మార్చిన దుప్పట్లు, చెంచాతో జావ, వీపు మీద పుండ్లకు మందు. కొడుకులు గుమ్మందాకా వచ్చి, "ఎలా ఉన్నారు నాన్నా?" అని తండ్రిని అడిగి, జవాబు ఆమె దగ్గర పుచ్చుకుని వెళ్ళేవారు. చివరినాడూ అంతే. వారు ముందుగదిలో డాక్టరుతో మాట్లాడుతున్నారు. ఆమె తడిగుడ్డతో మామగారి పెదవులు తుడుస్తోంది. చాలాకాలంగా మాట కూడని ఆ నోరు మెల్లగా కదిలింది. "నువ్వు తిన్నావా అమ్మా?" అన్నాడాయన. ఆమె తినలేదు. ఆ ఇంట కాలుపెట్టిన నాటినుంచి ఆమెను ఆ మాట అడిగినవారూ లేరు. జవాబు నోటికి వచ్చేలోగా ఆయన చూపు నిలిచిపోయింది.

అదంతా రాసి, కలం మూసింది. ఇంక రాయవలసినదేదీ కనబడలేదు.

సాయంత్రం మరిది చదివి కళ్ళజోడు తీశాడు. "ఇదేమిటి వదినా? నాన్నగారు భగవన్నామం స్మరిస్తూ కన్నుమూశారని మొదటి పేజీలోనే రాశానే!"

"అది ఎవరు విన్నారు?" అన్నది ఆమె. అన్నందుకు తనే ఉలిక్కిపడింది.

"వినడమేమిటి? ఆయనంతటివారు ఇంకేమంటారు?"

"బాగుందే నీ వరస! అంతటి మనిషి పోతూపోతూ తిండి మాటెత్తాడని వేస్తే నలుగురూ నవ్విపోరూ?" అన్నాడు భర్త.

మరిది గొంతు తగ్గించాడు. "మిమ్మల్ని కాదనడం లేదు వదినా. ఒక్కరు చెబితే చరిత్ర కాదు. ఇంకొకరు బలపరచాలి."

"అత్తయ్య ఉన్నారుగా. ఆ వేళ అదే గదిలో, కిటికీ దగ్గర కుర్చీలో జపం చేసుకుంటున్నారు."

ముగ్గురూ అత్తగారి గదికి వెళ్ళారు. ఎనభై దాటినా ఆవిడ జ్ఞాపకం చెక్కు చెదరలేదు. మనవల పుట్టినరోజులన్నీ నాలుక మీదే ఉంటాయి. మరిది ఆ వాక్యం చదివి వినిపించాడు. ఆవిడ కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఆయన అలా అడగలేదు" అంది.

"విన్నావుగా!" అని భర్త బయటికి నడిచాడు. మరిదీ వెంట వెళ్ళాడు. కోడలు కదలబోతే అత్తగారు మణికట్టు పట్టుకుంది. బలం లేని పట్టు.

"విన్నానే. చెవులారా విన్నాను. అన్నేళ్ళు కాపురం చేశాను, అందరూ తిని లేచాక గిన్నె అడుగున మిగిలింది తిన్నాను. ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు నన్ను. పోతూపోతూ నిన్నడిగాడు. అది అచ్చులో పడితే, నలుగురూ చదువుతూ ఉంటే, నేను ఎక్కడ కూర్చోవాలే?"

కోపం తెచ్చుకోవాలని చూసింది కోడలు. రాలేదు. ఆ ముసలి చేతిని దుప్పటి కిందికి చేర్చి, ముందుగదిలోకి వచ్చింది.

"నాది వేయకండి" అన్నది మరిదితో.

"అలిగారా ఏమిటి? ఆ ఒక్క వాక్యం తీసేస్తే మిగతాది బ్రహ్మాండంగా ఉంది!"

"అలకేమీ లేదు. మిగతాదంతా మీ అందరి కథల్లోనూ ఉన్నదేగా."

మరిది పుస్తకంలో పేజీలు లెక్క చూసుకున్నాడు. ఖాళీ వదలడం బాగుండదన్నాడు. ఆ చోటులో నాన్నగారి ఫొటో పెద్దది చేసి వేయిద్దామన్నాడు. భర్త సరేనన్నాడు. మంచి ఫొటో ఎక్కడుందో వారిద్దరికీ తెలియదు. ఆమె వెళ్ళి, బీరువా అడుగున వెదికి, కొంగుతో దుమ్ము తుడిచి తెచ్చి ఇచ్చింది.

ఈ కథ విన్నవారందరినీ పరమాత్మ చల్లగా చూచుగాక. ఆకలిగా ఉన్నదా అని అడిగే దిక్కు లేని తల్లులను, మనుషులు అడగని ఇళ్ళలో, ఆయనే వచ్చి అడుగుగాక.